రాసుకోమన్న ఆయతు

ఖురాన్‌లో 6,236 ఆయతులు. రోజుకొకటి చొప్పున కంఠస్థం చేస్తే పదిహేడేళ్లు. నలభై దాటాక హిఫ్జ్‌కు దిగే ప్రతివాడూ ముందు ఈ లెక్కే వేస్తాడు. అవతరణకే ఇరవైమూడేళ్లు పట్టింది కదా, మనకింకా ఆరేళ్లు మిగులే అని పొంగిపోతాడు కూడా.

నా లెక్క మా హాఫిజ్ సాబ్‌కు చూపించాను. ఆయన వయసు నా వయసులో సగం. నేను "సాబ్" అంటాను, ఆయన "భాయ్" అంటారు.

"కొత్తది సరే భాయ్, పాతదెప్పుడు చదువుతారు?" అన్నారు.

అక్కడ పడింది మెలిక. హిఫ్జ్‌లో రోజూ మూడు పద్దులు. ఆనాటి కొత్త పాఠం సబఖ్, ఈమధ్య నేర్చింది సబ్ఖీ, ఎప్పుడో నేర్చింది మంజిల్. కొత్తది ఎంత చేరిస్తే పాతది అంత పెరుగుతుంది. తాడు విప్పుకున్న ఒంటెకన్నా వేగంగా ఖురాన్ జారిపోతుందని దైవప్రవక్త (స) ముందే హెచ్చరించారు. మా గుంటూరులో ఒంటెలు లేవు గానీ, శుక్రవారం కట్టేసింది సోమవారానికి కనబడకపోవడమంటే ఏమిటో బాగా తెలిసొచ్చింది.

అందరిలాగే ముప్ఫయ్యో పారాలోని చిన్న సూరాలతో మొదలుపెట్టాను. చిన్నవని నమ్మకండి. కాఫిరూన్ సూరాలో ఉన్నవి ఆరే ఆయతులు. వాటిలో మూడోదీ అయిదోదీ అక్షరం తేడా లేకుండా ఒకటే. అయిదోది చదివినవాడు అది మూడోదనుకున్నాడా, ఆరుకు పోవలసినవాడు నాలుగుకు పోతాడు. మళ్లీ అయిదు, మళ్లీ నాలుగు. ఇషా నమాజులో దిగినవాడు ఫజ్ర్ దాకా అక్కడే తిరగొచ్చు. రహ్మాన్ సూరాలో 78 ఆయతులకు 31 ఒకటే వాక్యం. ఒకటి నేర్చుకుంటే ముప్ఫై ఉచితం! తీరా చూస్తే ఆ వాక్యం ముప్ఫైఒక్కసార్లూ భేషుగ్గా వస్తుంది. దాని తర్వాతిదే రాదు.

పోనీ తెలుగులో రాసుకుందామంటే సీన్, సాద్, సే మూడింటికీ మనకున్నది ఒక్క 'స'. నా నోటుబుక్కు విని హాఫిజ్ సాబ్ "ఇది అరబీ కాదు భాయ్, గుంటూరీ" అని తేల్చారు.

వృత్తిరీత్యా నేను డాక్యుమెంట్ రైటర్ని. ముహూర్తాల రోజుల్లో టీ తాగడానికి తీరిక ఉండదు. రెండు సేల్‌డీడ్‌ల మధ్య పెదవులాడిస్తుంటే, స్టాంపు డ్యూటీ లెక్క కడుతున్నాననుకుని పార్టీలు భయంభయంగా కూర్చుంటారు.

అలాగే నెట్టుకొస్తూ బఖరా సూరా 282వ ఆయతు దగ్గరికొచ్చాను. ఖురాన్ మొత్తంలో అతి పెద్దది. ఇంచుమించు పేజీడు. రోజుకొకటన్న లెక్క అక్కడ అటకెక్కింది. అర్థం చూద్దును కదా, అంతా మా ఆఫీసు వ్యవహారమే! అప్పిచ్చిపుచ్చుకుంటే గడువు పెట్టి రాసుకోండి, లేఖరి రాయననకూడదు, సాక్షులుండాలి, లేఖరిని ఇబ్బంది పెట్టకూడదు. ఈ చివరి ముక్క ఫ్రేము కట్టించి కొట్లో తగిలిద్దామనిపించింది.

రాసుకోమని చెప్పే ఆయతును రాసుకోకుండా గుర్తుపెట్టుకోవాలి, అదీ నా పని! అయితే సాక్షుల్లో ఒకామె మరిస్తే రెండో ఆమె గుర్తుచేస్తుందన్న మాటా అందులోనే ఉంది. అంటే మనిషి మరుపు ముందే లెక్కలోకి వచ్చేసింది. రంజాన్ తరావీహ్‌లో ముప్ఫై పారాలు చదివే ఇమాము తడబడితే లుఖ్మా ఇవ్వడానికి, అంటే మరిచిన మాట అందించడానికి, వెనక ఇంకో హాఫిజ్ నిలబడతాడు. నిండు హాఫిజ్‌కే తోడుంటే నాకుండటంలో వింతేముంది? రాత్రిళ్లు మా ఆవిడ ముస్‌హఫ్ పట్టుకుని కూర్చుంటుంది, నేను అప్పజెబుతాను.

ఆ ఆయతు అర్థం ఆమెకు విడమరచి చెప్పడంతో ఇంకో లాభం కలిగింది. పేజీడు ఆయతు నోటికొచ్చేవాడికి కొత్తిమీర ఎందుకు గుర్తుండదన్న పాత పేచీ పోయింది. ఇప్పుడు బజారుకు బయల్దేరితే చేతిలో చీటీ పెడుతోంది.

"రాసుకోమని మీ ఆయతులోనే ఉందిగా అండీ, కింద సంతకం పెట్టి తీసుకెళ్లండి" అంటోంది.

సాక్షి సంతకాలకు పిల్లలిద్దరూ పెన్నులు పట్టుకుని తయారు.