రెప్పకు కసరత్తు

రెప్ప వాలిపోతోందా? ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నదిగా ఉందా? దిగులెందుకు, ఫోన్‌లో గురువులున్నారు. ఒకరు ఫ్రిజ్‌లో పెట్టిన చెంచా రెప్పకు ఆనించమంటారు, ఇంకొకరు ఆముదం రాయమంటారు, మరొకరు "పైకి చూడండి, చూస్తూనే ఉండండి" అంటూ కసరత్తు చేయిస్తారు. వారంలో రెండు కళ్ళూ సమానమట. కాకపోతే మీకు శ్రద్ధ చాల్లేదన్నమాట.

వీళ్ళను తీసిపారేయకండి. తమకే తెలియకుండా నరాల డాక్టరు పని చేసేస్తున్నారు. మయస్థీనియా గ్రేవిస్ అని ఒక జబ్బుంది. నరం చెప్పిన మాట కండరానికి చేరనీయకుండా ఒంట్లోని రక్షణ వ్యవస్థే అడ్డం పడుతుంది. పొద్దున బాగున్న రెప్ప సాయంత్రానికి వాలుతుంది. అనుమానం వస్తే డాక్టరేం చేస్తాడు? నిమిషం, రెండు నిమిషాలు పైకే చూడమంటాడు, రెప్ప అలిసి ఇంకా జారుతుందేమోనని. తర్వాత మూసిన కంటిమీద 2 నిమిషాలు ఐసు పెడతాడు. రెప్ప 2 మిల్లీమీటర్లు లేచిందంటే అనుమానం బలపడినట్టే. అంటే కసరత్తు ఒక పరీక్ష, చెంచా ఇంకో పరీక్ష! "అద్భుతం, చెంచాతో తేడా తెలిసింది" అని మురిసిపోతున్న ఆయనే అందరికంటే ముందు ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఆముదానికి వద్దాం. వయసు మీదపడ్డాక, లేదా ఏళ్ళ తరబడి కాంటాక్ట్ లెన్సులు వాడాక, రెప్పనెత్తే లెవేటర్ కండరాన్ని రెప్పకు పట్టి ఉంచే పొర సాగి, పట్టు వదులుతుంది. తెగిన తాడును నూనె రాసి ముడేసే మహానుభావుడెవరైనా ఉంటే చెప్పండి, నేనూ ఓ సీసా కొంటాను. డాక్టర్లయితే ఆ పొరను బిగించి కుడతారు. 2020లో అమెరికా అనుమతించిన ఆక్సీమెటజోలిన్ చుక్కలూ ఉన్నాయి, కొన్ని గంటలపాటు రెప్పను కాస్త లేపుతాయి. 'శాశ్వతంగా' అనే మాట ఆ మందు కంపెనీకి నోరు రాలేదు, మన చెంచాకు వచ్చింది.

పైగా తప్పు ఏ కంటిదో ఎవరు తేల్చారు? థైరాయిడ్ జబ్బులో రెప్ప పైకి లాగేసి ఒక కన్ను పెద్దదిగా కనిపించవచ్చు. మర్దన మాత్రం ఏ పాపం ఎరగని చిన్న కంటికి! ఇక హఠాత్తుగా రెప్ప వాలి, కనుపాప పెద్దదై, ఒకటి రెండుగా కనిపిస్తూ తలనొప్పి వస్తే మెదడులో ఉబ్బిన రక్తనాళం నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు. అప్పుడు వీడియో చివరిదాకా చూడ్డానికి కూడా టైముండదు.

పుట్టుకతోనే రెప్ప వాలిన పిల్లల విషయంలో మాత్రం ఇంట్లో పెద్దలు గురువుల్నే మించిపోతారు. చూపందక పాప గడ్డం ఎత్తి చూస్తే "ఎంత పొగరో" అని ముద్దు. రెప్ప కనుపాపను కప్పేస్తే మెదడు ఆ కంటితో చూడటమే నేర్చుకోదు, అందుకే కొందరికి పసితనంలోనే రెప్పను నుదుటి కండరానికి కట్టే ఆపరేషన్ చేస్తారు. మనవాళ్ళు పెళ్ళిచూపులకు ఏడాది ముందు చేయిస్తారు. ఫొటో చక్కగా వస్తుంది. ఆ కంటితో అమ్మాయి దాన్ని సరిగ్గా చూసుకోలేదు, అంతే.