కొత్తవాడ గుంటమగ్గం ఆత్మకథ

నేను వరంగల్ కొత్తవాడలో గుంటమగ్గాన్ని. ఈ నేత వాడలో తయారయ్యే జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ కీర్తిలో నాకూ పాలుంది. అయినా నా నిర్మాణంలో ఒక తప్పుంది, అది చెప్పాలి. నేలలో గుంట, గుంట అడుగున తొక్కడానికి రెండు చెక్కలు, గట్టున కూర్చునే చోటు. ఒక కాలు తొక్కితే పడుగులో సగం పోగులు లేస్తాయి, ఆ సందులోంచి పేక సాగుతుంది. రెండో కాలు తొక్కితే మిగతా సగం లేస్తాయి. నేలకు దిగి, మోకాళ్లు వంచి, రెండు కాళ్లూ ఆడించగల మనిషి కొలతకే నన్ను కట్టారు. ఆ కొలతకు అందని మనుషుల చేతుల్లో ఎంత పనితనమున్నా నా దగ్గర చోటు లేదు. లోపం వాళ్ల కాళ్లలో ఉందని లోకం అంటుంది. నా కొలతలో ఉందని నేనంటాను.

అమెరికా వాస్తుశిల్పి రొనాల్డ్ మేస్ చెప్పిందీ ఇదే. పోలియో వల్ల చక్రాల కుర్చీలో తిరిగిన ఆయనే, ఏ వస్తువునైనా మొదటినుంచే అందరూ వాడగలిగేలా రూపొందించాలన్న ఆలోచనకు యూనివర్సల్ డిజైన్ అన్న పేరు పెట్టాడు. దాని ఏడు సూత్రాలు 1997లో వచ్చాయి. అలాంటి ఆలోచన ఫలం చూడాలంటే ఆలేరు దాకా వెళ్తే చాలు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి వేల సార్లు ముందుకూ వెనక్కూ కదలాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజం పట్టేయడం చూసి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. ఒక్క తల్లి నొప్పికి వెతికిన మందు ఎన్నో ఇళ్ల ఆడవాళ్ల భుజాలను కాపాడింది. నొప్పి ఉన్నచోట మొదలైన రూపకల్పన అందరికీ మేలు చేస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అలాగని ఒకే కొలత అందరికీ సరిపోదు. నన్ను గుంటలోంచి తీసి చట్రం మీద నిలబెడితే కిందికి దిగలేనివారికి మేలు. కాళ్లు కదలనివారికి మాత్రం తొక్కుడు చెక్క అడ్డం అలాగే ఉంటుంది. దాన్ని చేతిమీటగా మారిస్తే నాడె ఆడించాల్సిన చెయ్యి అటు పోతుంది. మోటారు బిగిస్తే, ఇక ఇది చేనేతేనా అన్న ప్రశ్న లేస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా యూనివర్సల్ డిజైన్‌ను 'సాధ్యమైనంత మేరకు' అన్న మాటతోనే నిర్వచించింది. ఒక్కొక్కరి అవసరానికి తగిన సర్దుబాటును విడిగా చెప్పింది.

అలాంటప్పుడు ఎవరికి కావలసింది వాళ్లకు చేసిస్తే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. పునాదే మూసుకుపోతే ప్రతి సర్దుబాటుకూ నేల పగలగొట్టాల్సిందే. ఖర్చు ఎక్కువంటారు. కట్టేటప్పుడు కొలత మార్చడం కన్నా కట్టాక కూల్చి మార్చడమే ఖరీదు. ఇష్టమున్నవాళ్లు చేస్తారులే అని వదిలేస్తే పని జరగదు. అందుకే వికలాంగులకు అన్నీ అందుబాటులో ఉండేందుకు పాటించాల్సిన కనీస ప్రమాణాలు సూచనలుగా మిగలకూడదని, తప్పనిసరి కావాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చి చెప్పింది.

కొత్త మగ్గానికి కొలతలు తీసేవారికి నా విన్నపం ఒక్కటే. నా ముందు కూర్చోలేని మనిషిని ముందుగా పిలవండి. ఆ మనిషి కొలతతో మొదలుపెట్టండి. రేపు వచ్చే మరో కొలత కోసం బోల్టులు విప్పడానికి వీలుగా ఉంచండి.