నాలుగడుగుల బంగాళాఖాతం

నెల్లూరు జిల్లాలో ఉప్పునీళ్లను నమ్ముకున్నవాళ్లు రెండు రకాలు. మొదటి రకానికి రొయ్యల గుంటలుంటాయి. ఇందుకూరుపేటలోనో తోటపల్లి గూడూరులోనో టీ బంకు దగ్గర నిలబడి కిలోకు ఎన్ని తూగాయన్న కౌంటు, రేటు, మేత బస్తా ధర మాట్లాడుకుంటారు. ఉప్పునీళ్లు వాళ్లను ఒక ఏడు మేడలెక్కిస్తాయి, ఇంకో ఏడు బ్యాంకు మెట్లెక్కిస్తాయి. రెండో రకం ట్యాంకన్న. ఉప్పునీళ్లు ఆయన్ని ఎక్కించేది స్టూలు ఒక్కటే.

ట్యాంకన్న వేదాయపాళెంలో ఉండొచ్చు, దర్గామిట్టలో ఉండొచ్చు, కావలిలో ఇంకొకాయన ఉండొచ్చు. ఆనవాళ్లు మాత్రం మారవు. చొక్కా చేతుల అంచున తెల్లటి ఉప్పు చార. కుడిచేతి వేళ్లు ఎప్పుడు చూసినా నాని ముడతలు పడి ఉంటాయి. పెళ్లిలో ఎదురుపడి "బాగుండారా అన్నా?" అని పలకరిస్తే "ఇరవయ్యారు దగ్గర నిలబడిందబ్బా" అంటాడు. అది ఇంట్లో చేపల తొట్టిలో నీళ్ల వేడి. ఆయనకు జొరమొచ్చిన సంగతి పక్కనే ఉన్న భార్య చెప్తే తెలియాల్సిందే.

ఆయన గతం జిల్లా గతమే. 1990ల మొదట్లో టైగర్ రొయ్య మోజులో వరిమడి గుంట అయింది. దశాబ్దం సగం గడిచేసరికి వైట్ స్పాట్ తెగులు దిగింది. 1996 డిసెంబరులో తీరంలోని గుంటలు తీసెయ్యమని సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి దొరికాక గుంటలు మళ్లీ నిండాయి. ఇవన్నీ చూసి, ఉన్న గుంటలు లీజుకిచ్చి, మోకాళ్ల నొప్పులతో టౌనుకొచ్చిన మనిషి. లక్షల రొయ్యల్ని సాకినవాడికి నాలుగడుగుల అద్దాల తొట్టి ఒక లెక్కా అనుకున్నాడు. ఆ ధైర్యమే ఆయన్ని ముంచింది. గుంటలో నీళ్లకు పచ్చరంగు తిరిగితే రైతు సంతోషిస్తాడు. తొట్టి అద్దం మీద పచ్చ కనబడితే ట్యాంకన్న అన్నం మానేస్తాడు. పైగా గుంటకు నాలుగు నెలలకో పట్టుబడి ఉంటుంది. తొట్టికి పట్టుబడి లేదు. పంట చేతికొచ్చే రోజే లేని సేద్యం ఇది.

మొదట్లో నీళ్ల ఖర్చెందుకని మైపాడు నుంచి క్యాన్లలో సముద్రాన్ని తెచ్చుకునేవాడు. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ఆ లెక్క తప్పింది. ఆ నెలల్లో పెన్నా, కాలవలు, వాన అన్నీ సముద్రంలోనే పడతాయి. అది చాలదన్నట్టు గోదావరి, కృష్ణలు కలిపిన తియ్యనీళ్లను తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి మన దాకా మోసుకొస్తుంది. లీటరుకు 35 గ్రాములుండాల్సిన ఉప్పు బాగా పలచబడుతుంది. దాంతో ఆయన ఆర్వో నీళ్లు పట్టి, సీమ ఉప్పు ప్యాకెట్టు కోసి, బకెట్లో సొంత సముద్రం కలపడం మొదలుపెట్టాడు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు మీద ఒక చుక్క వేసి, వెలుతురుకేసి ఎత్తి, ఒంటికన్నుతో చూసి, ఇంకో చెంచా వేస్తాడు. చూడొచ్చిన బామ్మర్ది "ఇంత డబ్బు పోసి కొనేదెందుకు బావా, ఇసకపల్లి ఉప్పు ఒక మూట ఏస్తే పోలా?" అన్నాడు. పాపం, గంట కూర్చోవాల్సొచ్చింది. మడిలో ఉప్పు గడ్డకట్టేలోపే కాల్షియం కిందికి దిగిపోతుందనీ, మెగ్నీషియం చివరి నీళ్లతో వెళ్లిపోతుందనీ, మిగిలేది పులుసులోకి తప్ప పనికిరాదనీ బామ్మర్దికి పూర్తిగా తెలిసొచ్చింది.

నీళ్లు కలిపాక నెలా నెలన్నర తొట్టి ఖాళీ. అప్పుడు కూడా బంధువుల్ని పిలిచి చూపించాడు. "చేపలేవి?" అన్నారు వాళ్లు. "బాక్టీరియా వచ్చుండాది, చూడండి" అన్నాడు. వాళ్లు మర్యాదకు వంగి చూశారు. చేప విసర్జించే అమోనియాను ఒక జాతి బాక్టీరియా నైట్రైటుగా, ఇంకో జాతి నైట్రేటుగా మార్చాలి. అవి రాళ్ల మీద కాపురం పెట్టకముందే చేపను వదిలితే అది తన మలినంలో తానే చస్తుంది. కాఫీ తాగి, కనబడని జీవాలను మెచ్చుకుని, బంధువులు సెలవు తీసుకున్నారు.

తర్వాత చెన్నై కొళత్తూరు వెళ్లి, ఆక్సిజన్ నింపిన కవరు ఒళ్లో పెట్టుకుని, పినాకిని రైల్లో నెల్లూరు దాకా ఊపిరి బిగబట్టుకుని చేపలు తెచ్చాడు. బతికున్న పగడాలు కూడా కావాలన్న కోరిక ఉండేది గానీ 2001 నుంచి అవి పులితో సమానంగా వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయని తెలిసి ఆగాడు. తెచ్చినవాటిలో నారింజరంగు క్లౌన్ చేపలు రెండు. ఆ జాతిలో అన్నీ మగవిగానే పుడతాయి. గుంపులో పెద్దది ఆడదై పెత్తనం చేస్తుంది, అది పోతే దాని మొగుడే ఆడదై ఆ పదవి అందుకుంటాడు. ఈ సంగతి విన్న రోజు ట్యాంకన్న భార్య తొట్టి దగ్గరికి కుర్చీ లాక్కుని మొట్టమొదటిసారి పది నిమిషాలు కూర్చుంది.

ఆ పది నిమిషాలు తప్ప ఆమెకు దక్కింది నిబంధనలే. తొట్టి బకెట్టు సబ్బును చూడకూడదు. రాగి చెంబు ఆ దరిదాపులకు రాకూడదు, రాగి తగిలితే తొట్టిలో రొయ్య బతకదు. అన్నిటికన్నా ఘోరం, దోమల స్ప్రే నిషేధం. దోమను చంపే మందు రొయ్యనూ చంపుతుంది. నెల్లూరు దోమల సంగతి ఎరిగినవాళ్లకు ఈ త్యాగం విలువ చెప్పక్కర్లేదు. వేలెడు క్లీనర్ రొయ్య ఒకటి లోపల చేప ఒంటిమీద పురుగులు ఏరుకు తింటూ సుఖంగా ఉంటుంది. బయట నలుగురు మనుషులు రాత్రంతా చప్పట్లు కొట్టుకుంటూ ఉంటారు. గుంటలున్న తమ్ముడు ఒకసారి ఆ రొయ్యను చూసి "ఏ కౌంటులో పడతాది?" అని అడిగాడు. ఆ పండక్కి అన్నదమ్ములు మాట్లాడుకోలేదు.

ఆదివారం ఇంట్లో పూజ కన్నా ముందు కడుగుడు. అయస్కాంతపు బ్రష్షుతో అద్దం గీకాలి. రాయి మీద ఊదారంగు పొర మంచిది, దాన్ని ముట్టకూడదు. ఇసక మీద ఎర్రటి జిగురుపొర చెడ్డది, దాన్ని పైపుతో లాగెయ్యాలి. పదోవంతు నీళ్లు తీసి కొత్తవి పొయ్యాలి. సున్నం పట్టిన పంపుల్ని వెనిగర్‌లో నానబెట్టాలి. నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఆవిరవదు కాబట్టి, తగ్గినచోట మంచినీళ్లే పొయ్యాలి. ఇంటిల్లిపాదికీ ఇది కంఠతా వచ్చు. చివరగా స్కిమ్మరు కప్పు. బుడగలతో నీళ్లను చిలికి మురికిని నురగగా పైకి తెచ్చే యంత్రం అది. కప్పులో చేరేది చిక్కటి డికాషన్లా ఉంటుంది, వాసన చెప్పకూడదు. ట్యాంకన్న దాన్ని అతిథి ముక్కు దగ్గర పెట్టి "ఇదంతా లోపలుండేది, చూశారా!" అని మురుస్తాడు. ఉప్మా తింటున్న అతిథి ప్లేటు పక్కన పెడతాడు.

నవంబరులో వాయుగుండం పడి కరెంటు పోతే ఇన్వర్టరు మొదటి హక్కు తొట్టిదే. బ్యాటరీ కూడా అయిపోతే ఇంట్లోవాళ్లు వంతులవారీగా చెంబుతో నీళ్లు ముంచి పైనుంచి పొయ్యాలి, గాలి కలవాలి కదా. స్టీలు చెంబే. 1846లో ఆనా థిన్ అనే ఆమె ఇంగ్లండ్ తీరం నుంచి పగడపు జీవాలను లండన్ తెచ్చుకుని, వాటి ప్రాణం నిలబెట్టడానికి పనిమనిషి చేత కిటికీ ముందు ఇట్టాగే సముద్రపు నీళ్లు ఎత్తి పోయించింది. ట్యాంకన్న ఈ కథ చీకట్లో గర్వంగా చెప్తాడు. "ఆ పనిమనిషికి జీతం ఉండిందా నాన్నా?" అని కూతురు చెంబు పోస్తూనే అడిగింది.

ఒకరోజు టీ బంకు దగ్గర ఫోన్లో "వైట్ స్పాట్ వచ్చిందయ్యా" అన్నాడు. బంకు మొత్తం గమ్మునైపోయింది. ఆ మాటకు ఇళ్లు అమ్ముకున్నవాళ్లు అక్కడ ముగ్గురున్నారు. ఒక పెద్దాయన భుజం మీద చెయ్యేసి "ఎన్నెకరాలబ్బయ్యా?" అన్నాడు. "నాలుగడుగులు" అన్నాడు ట్యాంకన్న. రొయ్యకొచ్చేది వైరస్సనీ, తన చేపకొచ్చింది కంటికి ఆనని పరాన్నజీవి అనీ వివరించబోయాడు గానీ అప్పటికే చెయ్యి భుజం మీద లేదు.

ఆయన కష్టాన్ని సరిగ్గా తూచింది మైపాడు నుంచి చేపలమ్మే వలకారి ఒకాయన. గుమ్మంలో నిలబడి, స్టూలెక్కి గీకుతున్న మనిషిని కాసేపు చూసి, "ఏందన్నా, సముద్రాన్ని కడుగుతావుండా?" అన్నాడు. నిజానికి ట్యాంకన్న చేసేది అదే. చంద్రుడు ఆటుపోట్లతో, గాలి అలలతో, కోట్ల పురుగులూ నత్తలూ నాచులూ పొట్టకూటికోసం పొద్దస్తమానం చేసే చాకిరీని, ఆయన ఒక్కడే, ప్లాస్టిక్ పైపుతో, సెలవు లేకుండా చేస్తున్నాడు. తాను చేపల యజమానినని అనుకుంటాడు గానీ, ఆ ఇంట్లో ఆయన ఉద్యోగం చంద్రుడిది. అందుకే తిరుపతి ప్రయాణానికైనా ఒక్కపూటకు మించి రాడు.

మొన్న డిసెంబరులో ఒక చేప పోయి, దాంతో నీళ్లు పాడై, ఆయన విరక్తి చెంది మానేస్తానన్నాడు. ఇల్లంతా ఆ రాత్రి ఆశగా నిద్రపోయింది. తెల్లారేసరికి మనసు తేటపడింది. నీళ్లు ఎంత ఎక్కువుంటే ఉప్పూ వేడీ అంత నెమ్మదిగా మారతాయి, తప్పంతా తొట్టి చిన్నదవడంలో ఉంది, ఆరడుగులది తీసుకుంటే ఏ బాధా ఉండదు. భార్య వింది, వంటింట్లోంచే అంది: "ఇంకా పెద్దది మైపాడులో ఉండాది. కరెంటు బిల్లు లేదు, కడిగే పని లేదు. సాయంత్రం పొయ్యి దాని ముందు కూర్చోండి."

ఆయన నిజంగానే వెళ్లాడు. చీకటి పడ్డాక తిరిగొచ్చి, రిఫ్రాక్టోమీటరు తుడిచి డబ్బాలో పెడుతూ పెదవి విరిచాడు.

"ఇరవయ్యెనిమిదే ఉండాది. ఎవురూ చూసుకోవట్లా."