పాప వెన్నులో సగం సూది

ఆపరేషన్ థియేటర్‌లో నన్ను సీ-ఆర్మ్ అంటారు. నెలవంకలా వంగిన నా చేతికి ఒక కొసన ఎక్స్-కిరణాలు పుట్టే గొట్టం, రెండో కొసన వాటిని పట్టే పళ్లెం. మధ్యలో బల్ల మీద మనిషి. నేను చూసేవన్నీ నీడలే. నీడ లోతు చెప్పదు. చర్మం కింద ఉన్నదీ ఎముక లోపల ఉన్నదీ ఒక్కచోటే ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే నన్ను ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పి చూస్తారు. ఆ మూడేళ్ల పాప విషయంలో ఆ రెండో చూపే కీలకమైంది.

వాళ్లమ్మ బొంత కుడుతూ మధ్యలో పొయ్యి దగ్గరికి లేచింది. సూది మొన పైకే ఉండిపోయింది. పాప ఆడుకుంటూ వెల్లకిలా దానిమీద పడింది. కాసేపు ఏడ్చి ఊరుకుంది. నడుం మీద ఒక రక్తపు చుక్క, అంతే. దారంతో ఉన్న సగం మాత్రమే బొంతలో మిగిలిందని సాయంత్రానికి గానీ ఎవరూ గమనించలేదు. రెండు రోజులకు జ్వరం వచ్చింది, మెడ బిగుసుకుపోయింది, ఎడమ కాలు ముట్టుకోనివ్వడం లేదు.

ఎక్స్-రేలో తెల్లటి గీత చూడగానే సర్జన్ మేడమ్ అడిగిన మొదటి మాట: "మిగతా సగం ఎక్కడుందమ్మా? పారెయ్యకుండా పట్టుకురా." తల్లి దాన్ని కొంగున ముడేసుకుని తెచ్చింది. అదే రకం కొత్త సూది పక్కన పెట్టి కొలిస్తే లోపల ఎంత ముక్క ఉండాలో తేలింది. ఆ ఒక్క ప్రశ్నకే ఆమె మీద నాకు గురి కుదిరింది.

నరాలను చూడటంలో ఎమ్మారై నాకంటే ఎంతో మేలు. అయినా పాపను అటు పంపలేదు. ఆ అయస్కాంతం ఉక్కు ముక్కను లాగితే నరాలు తెగుతాయి. సీటీ తీశారు. మూడు, నాలుగు నడుము పూసల సందులోంచి సూది వెన్ను కాలువలోకి దిగింది. (దిగింది చెక్క పేడు అయితే కథ తిరగబడేది. చెక్క నా కంటికి దాదాపు ఆనదు. అప్పుడు ఎమ్మారైయే దిక్కు.) వెన్నుపాము అంతకు పైనే ముగుస్తుంది. అక్కడ ఉండేవి నరాల పోగులు. కాళ్ల కదలికా, మూత్రం మీద అదుపూ వాటి చలవే.

బల్ల మీద పాపను బోర్లా పడుకోబెట్టాక మళ్లీ నన్ను పిలిచారు. పడుకున్న తీరు మారితే సూది జరగొచ్చు, సీటీని నమ్ముకుని కోయకూడదు. అడ్డంగా తిరిగి త్రికాస్థి నుంచి పైకి పూసలు లెక్కపెట్టడానికి సాయపడ్డాను. పెడల్ తొక్కిన ప్రతిసారీ కిరణాలు ఒక్క క్షణమే, అదీ చిన్న కిటికీలోంచే. ఆ జాగ్రత్తకు కారణం ఉంది. 1896 జనవరిలో బర్మింగ్‌హామ్‌లో జాన్ హాల్-ఎడ్వర్డ్స్ అనే డాక్టరు, చేతిలో దిగిన సూదిని ఎక్స్-రే తీసి చూపించాడు. ఆ కిరణాలే ఆయన ఎడమ చేతిని తినేశాయి. 1908లో దాన్ని తీసేయాల్సి వచ్చింది. పసి ఒంటి మీద కిరణాలు ఎంత పొదుపుగా వాడితే నాకంత నెమ్మది.

మైక్రోస్కోపు కింద పూస వెనక రెక్కను కొద్దిగా తొలిచి, పలచటి పొరను చీల్చారు. తేటగా ఉండాల్సిన నీరు కాస్త కలకబారి ఉంది. దాన్ని పరీక్షకు పంపారు. సూది మొన రెండు నరాల పోగుల నడుమ ఉంది. వచ్చిన దారినే, మెలి తిప్పకుండా, వెనక్కి లాగారు. పొర కుట్టాక మత్తు డాక్టరు ఊపిరి ఒత్తిడి పెంచి పట్టుకున్నాడు, చుక్క కూడా కారలేదు.

చివరగా రెండు వైపుల నుంచీ చూశాను. ఏ గీతా లేదు. ట్రేలో ఆ ముక్కనీ తల్లి తెచ్చిన ముక్కనీ విరిగిన చోట కలిపి చూశారు, అతికినట్టు సరిపోయాయి. మర్నాడు వార్డులో నర్సమ్మ ఎడమ పాదం తడిమి చూడబోతే పాప విసుక్కుని ఆ చేతిని ఒక్క తన్ను తన్నిందని టెక్నీషియన్ చెప్పుకుంటుంటే విన్నాను.