స్టెరాయిడ్ అంటే భయం, పొట్లమంటే భక్తి

నోట్లో పుండ్లు మానక మజ్జిగన్నం కూడా మింగలేని మనిషి కనబడితే చాలు, వీధి వీధంతా వైద్యులే. ‘వేడి చేసింది’ అంటుంది పిన్ని. ‘బి-కాంప్లెక్స్ వేసుకోండి’ అంటాడు మందుల షాపు కుర్రాడు. నెలలు గడిచి వీపునిండా నీటిబొబ్బలు లేచి, అవి చితికి, బనీను విప్పితే చర్మం దానికంటుకుని ఊడొస్తుంటే ‘సర్పి’ అని తేల్చి జాజుతో బొమ్మ గీయిస్తారు. కంచం, గ్లాసు విడిగా పెడతారు. నిజానికి ఇది పెంఫిగస్, అంటువ్యాధి కాదు. చర్మకణాలను అతికించి ఉంచే ప్రొటీన్ల మీద ఒంట్లోని యాంటీబాడీలే దాడిచేసే జబ్బు. ఈ ముక్క చెప్పేవాడు ఒక్కడు, కంచం విడిగా పెట్టేవాళ్లు పదిమంది.

చివరికి చర్మవైద్యుడు ప్రెడ్నిసొలోన్ రాస్తాడు. అమ్మో, స్టెరాయిడే! కిడ్నీలు పోతాయని బంధువర్గం ఏకగ్రీవం. ఆ చీటీ మూలన పడేసి, పేరూ మోతాదూ లేని బూడిదరంగు పొట్లం తెస్తారు. ‘అన్నీ మూలికలేనండీ!’ నాలుగు రోజుల్లో బొబ్బలు మాడిపోతాయి. ఇలాంటి పొట్లాలను పరీక్షిస్తే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడే బయటపడిన సందర్భాలున్నాయి. ఆ మూలిక ఫ్యాక్టరీలో మొలుస్తుంది మరి. రోగి ముఖం గుండ్రంగా ఉబ్బితే ‘మందు పట్టింది, ఒళ్లు చేశాడు’ అని మురిసిపోతారు. షుగరు పెరిగినా, ఎముకలు గుల్లబారినా గ్రహచారం. తగ్గిందని ఉన్నపళంగా మానేస్తే, ఇన్నాళ్లూ పనిలేక పడుకున్న అడ్రినల్ గ్రంథి వెంటనే లేవదు. బీపీ పడిపోయి మనిషి కూలతాడు. ఐసీయూలో ‘ఏం మందులు వాడారు?’ అనడిగితే, ‘ఇంగ్లీషు మందు ముట్టలేదండీ’ అని గర్వంగా జవాబు.

డాక్టర్లూ తక్కువ తినలేదు. ఈ జబ్బుకు వాడే అజాథయోప్రిన్ రాసి రక్తకణాల లెక్క చూడనివారు, నెలల తరబడి స్టెరాయిడ్ ఇచ్చి కాల్షియం మాటెత్తనివారు, హెపటైటిస్-బి పరీక్ష లేకుండానే రిటుక్సిమాబ్ ఎక్కించేవారు ఉన్నారు. దుష్ఫలితాల గురించి అడిగితే ‘నెక్స్ట్!’ అని బెల్లు కొడతారు. పొట్లం అమ్మేవాడు మాత్రం అరుగు మీద కూర్చోబెట్టి అరగంట మాట్లాడతాడు. అతని బేరానికి ఇదే పెట్టుబడి.

స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమంది చనిపోయేవారు. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పస్రిచా ఒక పద్ధతి తెచ్చారు: నాలుగు వారాలకోసారి వరుసగా మూడు రోజులు రోజుకు 100 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, తోడుగా సైక్లోఫాస్ఫమైడ్. పొట్లంలో దొరికిందీ ఆ డెక్సామెథసోనే. ఆసుపత్రిలో దానికి లెక్కుంటుంది, కాపలా ఉంటుంది.

పొట్లం మింగుతున్నవారికి ఒకటే మనవి: రేపే మానేయకండి. కాగితంతో సహా తీసుకెళ్లి డాక్టరు బల్లమీద పెట్టండి.