ఏడు గుర్రాలు, ఒక జత బుట్టకమ్మలు

హైదరాబాద్‌లో ఏ కొత్త ఫ్లాట్ గృహప్రవేశానికి వెళ్లినా హాల్లో సోఫా పైన ఏడు తెల్ల గుర్రాలు దౌడు తీస్తూ కనిపిస్తాయి. వెనక సూర్యోదయం, కాళ్ల కింద నురగ. ఆరుంటే అశుభం, ఎనిమిదుంటే వాస్తు పండితుడు ఒప్పుకోడు. మూతులు ఇంట్లోకే తిరిగి ఉండాలి. గుమ్మం వైపు తిరిగాయా, లక్ష్మీదేవి వాటి వీపెక్కి వెళ్లిపోతుందట. ఈఎంఐ కట్టే ఇంట్లో లక్ష్మి ఏ గుర్రమూ ఎక్కకుండానే ఐదో తారీఖున వెళ్లిపోతోంది కదా అని అడక్కూడదు, శుభమా అని భోజనానికి వెళ్లి.

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒకమ్మాయి బొమ్మలు వేసి అమ్ముతుంది. ఫైన్ ఆర్ట్స్ చదివింది. వేయాలని ఆమెకున్నవి వేరు. తెల్లవారుజామున మోండా మార్కెట్లో కూరగాయల మూటల మీద కూర్చుని టీ తాగే ఆడవాళ్లు, ఎంఎంటీఎస్ రైల్లో నిలబడే నిద్రపోయే కుర్రాళ్లు, ధూల్‌పేటలో ఇంకా రంగు పడని వినాయకులు. అవన్నీ వేసింది కూడా. మంచం కింద ఉన్నాయి. అమ్ముడుపోయేవి మాత్రం గుర్రాలు, బుద్ధుడి మొహం, రాధాకృష్ణులు. ఆ ఇంటి అద్దె కట్టేది ఈ ముగ్గురే. ఇంకొంచెం అభిరుచి ఉన్నవాళ్లు, "తోట వైకుంఠం గారి బొట్టు ఆడవాళ్లుంటారే, అలాంటిదొకటి వేసిపెట్టమ్మా. ఆయనదైతే లక్షలట. నువ్వూ ఆ రంగులే వేస్తావుగా, రెండు వేలకిచ్చెయ్" అంటారు. ఒకావిడైతే సోఫా గుడ్డ ముక్క కత్తిరించి పట్టుకొచ్చింది, ఆకాశం ఈ రంగులో ఉండాలని. ఆకాశం మెరూన్ రంగులో వచ్చింది. భలే కుదిరిందని ఆవిడ ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది, సోఫా గురించి.

పోయినవాళ్ల బొమ్మలకీ గిరాకీ ఉంది. ఒకాయన వాళ్ల నాన్నగారి ఆధార్ కార్డు జిరాక్సు ఇచ్చి, నిలువెత్తు బొమ్మ కావాలన్నాడు. కాస్త నవ్వుతున్నట్టు వేయమన్నాడు. "ఆయన నవ్వుతున్న ఫొటో ఒక్కటైనా ఉందా అంకుల్?" అని అడిగితే, "అబ్బే, బతికుండగా ఎప్పుడూ నవ్వలేదమ్మా, అందుకే బొమ్మ వేయించుకుంటున్నాం" అన్నాడు.

మధ్యలో ఫోన్లొచ్చిపడ్డాయి. 2025 మార్చిలో ఊరంతా తమ పెళ్లి ఫొటోలను జపాన్ కార్టూన్లుగా మార్చుకున్న గీబ్లీ జాతర గుర్తుందిగా. అప్పుడు రెండో ఫ్లోర్ ఆంటీ పైకొచ్చి, "ఇదిగో, మావాడు రెండు నిమిషాల్లో చేసిచ్చాడు, పైసా ఖర్చు లేదు" అని ఫోన్ చూపించింది. "మరి నా దగ్గరికెందుకొచ్చారు ఆంటీ?" అంది అమ్మాయి. "ఫోన్ని గోడకి తగిలించలేం కదమ్మా. దీన్ని చూసి నువ్వొకటి వేసిపెట్టు. డిజైన్ మాదేగా, తక్కువకే వస్తుందిగా."

బొమ్మలతో గడవక ఆ అమ్మాయి మట్టినగలు మొదలుపెట్టింది. టెర్రకోట అంటే చూడ్డానికి చిన్నగా ఉంటుంది గానీ, మట్టికున్నన్ని అలకలు కొత్త అల్లుడికి కూడా ఉండవు. నానబెట్టాలి, పలచని గుడ్డలో వడగట్టాలి, లోపల గాలి బుడగ అన్నది మిగలకుండా పిసకాలి. బుట్టకమ్మకు బుట్ట చేసి, దాని అంచున ఆవగింజంత పూసలు ఒక్కొక్కటీ అతికించి, సూదిమొనతో గీతలు పెట్టాలి. రెండూ ఒకేలా ఉండాలి, ఎందుకంటే చెవులు రెండు. తర్వాత నీడనే ఆరబెట్టాలి. తొందరపడి ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. పూర్తిగా ఆరకుండా కాలిస్తే లోపలి తేమ ఆవిరై ఠప్పున పేలుతుంది, పోతూ పోతూ పక్కనున్న జతనీ తీసుకుపోతుంది. రెంటిలో ఒకటే పగిలినా జత మొత్తం పోయినట్టే. అన్నీ దాటుకుని బయటపడిన వాటికి రంగులు, కొక్కేలు. అదంతా అయ్యాక చీటీ మీద ధర రాస్తుంది: 650.

"మట్టికా!"

ఈ మాట అననివాళ్లను నేనింతవరకు చూడలేదు. మొదట వచ్చినావిడ "బోణీ చేస్తున్నాను, తగ్గించు" అంటుంది. చివర వచ్చినావిడ "ఎలాగూ మూసేస్తున్నావుగా, తగ్గించు" అంటుంది. మధ్యలో వచ్చినవాళ్లు "మా పాప కూడా స్కూల్లో ఇలాంటివి చేస్తుంది" అని చెప్పి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుని వెళ్తారు. పాపకు నమూనా కావాలి కదా.

ఇలా బేరమాడిన ఆవిడే అక్షయ తృతీయ నాడు బంగారం కొట్టులో ఎలా ఉంటుందో చూడాలి. టోకెన్ తీసుకుని, వాళ్లిచ్చిన బాదంపాలు తాగుతూ, తన నంబరొచ్చేదాకా బుద్ధిగా కూర్చుంటుంది. బిల్లులో బంగారం రేటు, దాని కింద తరుగు, దాని కింద మజూరీ, రాళ్ల ఖరీదు, హాల్‌మార్క్ రుసుము, జీఎస్టీ. తరుగంటే నగ చేసేటప్పుడు అరిగి, రాలి పోయిందని చెప్పే బంగారం. ఎక్కడ రాలిందో మనం చూడలేదు. రాలిన పొడిని ఊడ్చి, ఏరి, మళ్లీ కరిగిస్తారని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా మన ఒంటి మీదికి రాని బంగారానికి మనమే డబ్బు కట్టి, వాళ్లిచ్చిన జిప్పు సంచికి మురిసిపోయి ఇంటికొస్తాం. నగ యంత్రం మీద పోతపోసిందైనా మజూరీ మాత్రం తప్పదు.

దీన్ని మూర్ఖత్వం అనేవాళ్లతో నేను ఏకీభవించను. లెక్క చూడండి. బంగారు నగలో మజూరీ నూటికి పదో పదిహేనో. మట్టికమ్మలో మట్టి పోగా మిగిలిందంతా మజూరీయే. అంత శాతం మజూరీ అడిగితే ఏ ఇల్లాలైనా ఎలా ఇస్తుంది?

ప్రభుత్వ లెక్కా ఇంచుమించు ఇదే. 2017లో జీఎస్టీ వచ్చిన రోజు నుంచీ బంగారం మీద పన్ను 3 శాతం. మనిషి కూర్చుని చేత్తో వేసిన పెయింటింగ్ మీద 12 శాతం. ఎనిమిదేళ్లు ఆలోచించి, 2025 సెప్టెంబర్ 22 నుంచి బొమ్మల పన్ను 5 శాతానికి దించారు. ఇప్పటికీ గొలుసు మీదకంటే బొమ్మ మీదే ఎక్కువ. తెలంగాణలో ఏడాదికి 20 లక్షల అమ్మకం దాటితే గాని రిజిస్ట్రేషన్ గొడవ లేదనుకోండి. ఆ గొడవ తనకు ఎప్పుడొస్తుందా అని ఆ అమ్మాయి దేవుడికి దణ్ణం పెట్టుకుంటోంది. అయితే 2023 అక్టోబర్ దాకా ఆన్‌లైన్ అంగళ్లలో పెట్టి అమ్ముదామంటే ఒక్క జత కమ్మలకైనా జీఎస్టీ నంబరు ఉండాల్సిందే. బుట్టకమ్మలకూ బుల్‌డోజర్లకూ ఒకటే తలుపు.

డబ్బివ్వకపోయినా మనం పబ్లిసిటీ ఇస్తాం, ఆ మాట ఒప్పుకోవాలి. మహిళా దినోత్సవానికి ఒక సంఘం వాళ్లు పిలిచారు. వేదిక మీద అందరి ముందూ బొమ్మ వేసి, ముఖ్య అతిథికి బహూకరించాలి. పారితోషికం సంగతి ఎత్తితే, "మీకు ఎంత పబ్లిసిటీ వస్తుందో ఊహించుకోండి" అన్నారు. కేటరింగ్ వాళ్లకు డబ్బులిచ్చారు. శాలువాలమ్మినాయనకు ఇచ్చారు. మైక్‌సెట్ అతనికి అడ్వాన్సే ఇచ్చారు. అతనికి ఎవరూ పబ్లిసిటీ ఇస్తామనరు, అంటే వైరు పీకేస్తాడు. చిత్రకారులకు పీకడానికి వైర్లు లేవు. ముఖ్య అతిథి ఆ బొమ్మని కారు డిక్కీలో, బొకేల కింద పెట్టించుకుని వెళ్లాడు.

"ఓపిక పట్టమ్మా, గుర్తింపు దానంతటదే వస్తుంది" అని చెప్పే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు మా వాకింగ్ బ్యాచ్‌లో. ఆయన దగ్గర ఉదాహరణలు సిద్ధంగా ఉంటాయి. చిత్రకారుడు హుస్సేన్ 1954లో వేసిన గ్రామయాత్ర బొమ్మ 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో 118 కోట్లకు పైగా పలికింది. నిజమే. హుస్సేన్ 2011లోనే పోయాడు, ఆ బొమ్మ అంతకంటే చాలా ముందే ఆయన చేతిలోంచి పోయింది. దశాబ్దాల పాటు ఓస్లోలో ఒక ఆసుపత్రి గోడ మీద ఉంది. వేలంలో వచ్చిన డబ్బు బొమ్మ ఎవరిదైతే వాళ్లకు వెళ్తుంది గాని, వేసిన వేళ్లకు కాదు. రెండో ఉదాహరణ మన దామెర్ల రామారావు. ముప్పై ఏళ్లు నిండకుండానే, 1925లో మశూచితో పోయాడు. రాజమండ్రిలో ఆయన పేర ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆయన్ని చేరదీసి బొంబాయిలో చదువుకు తోవ చూపిన కూల్డ్రే ఒక ఇంగ్లీషు ప్రిన్సిపాల్ అన్నది పెద్దమనిషి చెప్పడు. గుర్తించడం మనవాళ్లకు చేతకాక కాదు, అవతలి మనిషి ఖాళీ అయ్యేదాకా ఆగడం మర్యాద అనుకుంటారంతే.

నిజానికి తప్పు ఆ అమ్మాయిలోనూ ఉంది. ధర చెప్పేటప్పుడు గొంతు తగ్గిపోతుంది. ఎవరిదో పర్సు కొట్టేసి దొరికిపోయినట్టు, "ఆరు వందల యాభై... ఆంటీ" అంటుంది. బంగారం కొట్టు కుర్రాడు లక్షా ఎనభై వేలు అని చెప్పేటప్పుడు, ఇంత తక్కువకు దొరకడం మీ అదృష్టం మేడమ్ అన్నట్టు చెబుతాడు. ఈ సంగతి ఆమెకు ఎవరు నూరిపోశారో తెలియదు గానీ, ఈసారి సంక్రాంతికి క్లబ్‌హౌస్‌లో పెట్టిన స్టాల్ చూసి నేనే గుర్తుపట్టలేకపోయాను. ఎర్ర మఖ్మల్ పరిచిన ట్రే, దాని మీద దీపం, పక్కన గ్రాముల తూకం, కార్బన్ కాగితం పెట్టిన బిల్లు పుస్తకం. ఎవరైనా కమ్మ తీసుకుంటే ముందు తూకం వేస్తోంది. తర్వాత నింపాదిగా రాస్తోంది. నికర తూకం 16 గ్రాములు. మట్టి ఖరీదు 6 రూపాయలు. తరుగు, అంటే బట్టీలో పేలినవి, 40. రంగులు, కొక్కేలు 34. మజూరీ 570. మొత్తం 650.

"మట్టికా!" అన్నవాళ్లే లేరు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కళ్లజోడు పెట్టుకుని బిల్లు మొదటినుంచి చివరిదాకా చదివారు. "తరుగు కాస్త ఎక్కువేశావు, ముప్పై చెయ్యి" అని ఒకావిడ గట్టిగా బేరమాడింది. పది రూపాయలు తగ్గించగానే గెలిచినట్టు లేచింది. ఐదు వందల డెబ్బై మజూరీ జోలికి ఎవరూ వెళ్లలేదు. బిల్లుకెక్కిన మజూరీని కాదనే అలవాటు మనకు లేదు.

మెరూన్ సోఫా ఆవిడ రెండు జతలు తీసుకుంది. బిల్లు మడిచి పర్సులో, బంగారం బిల్లులుండే అరలో పెట్టుకుంటూ అడిగింది.

"పాతవి తెచ్చిస్తే మార్చుకుంటారా?"

"తప్పకుండా ఆంటీ. ఆ రోజు మట్టి రేటు కట్టి తీసుకుంటాం."

"అయితే అక్షయ తృతీయకి పెరుగుతుందంటావా?"