మూగబోయిన లాప్‌టాప్: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

శ్రావణమాసపు ముహూర్తాలు నెత్తిమీదికొచ్చిన రోజుల్లో, తెనాలి గాంధీచౌక్‌కు నాలుగడుగుల దూరంలోని ఒక రిపేరు దుకాణానికి ఒక డీటీపీ పెద్దాయన గుడ్డసంచిలో లాప్‌టాప్ పెట్టుకుని వచ్చాడు. అది ఆన్ కావడం లేదు. అందులో పెళ్లికార్డులున్నాయి, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలున్నాయి, రిటైరైన తెలుగు మాస్టారొకరి ఖండకావ్యం ప్రూఫులు దిద్దిన ప్రతి ఉంది. కౌంటరు వెనక కుర్రాడు సంచి విప్పకుండానే అడిగాడు: "బాబాయ్, మీకు లాప్‌టాప్ కావాలా, అందులో సరుకు కావాలా?"

"అదేం ప్రశ్నరా, రెండూ కావాలి."

"ముందు ఏది?"

పెద్దాయనకు వెంటనే జవాబు తోచలేదు. ఆ సందర్భంలో పుట్టిన పద్యమిది. కర్త ఎవరో ఇతమిత్థంగా తేలలేదు గాని, దుకాణం అద్దం కింద అతికించిన కాగితమ్ముక్క మీద ఇప్పటికీ ఉందని వినికిడి.

కాళిదాసు కావ్యాలకు మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. ఆయన మెదకుసీమ కొలిచెలమవాడు, మనవాడే. ఆ చుట్టరికం చూసుకుని ఈ వ్యాఖ్యకు ‘పునర్జీవని’ అని పేరు పెట్టడమైనది.

మూలం

మీట నొక్కి పట్టు మినుకు రాకున్నచో
గుండె విప్పి చూడు గుట్టు తెలియు
టక్కు టక్కు మనిన డాయకు డిస్కును
నకలు లేని బతుకు నవ్వుపాలు

ప్రతిపదార్థం

మీట = పవర్ బటన్‌ను; నొక్కి పట్టు = చార్జరు ఊడదీసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, అరనిమిషంపాటు వేలు ఎత్తక అదిమి ఉంచుము (పిమ్మట చార్జరు తగిలించి మరల నొక్కుము); మినుకు = ప్రాణమున్నదను గుర్తు; రాకున్నచో = అప్పటికీ రాని పక్షమున; గుండె = (విశేషాలు చూడుము); విప్పి చూడు = తెరచి పరిశీలింపుము; గుట్టు = రోగమెచ్చట నున్నదను సంగతి; తెలియు = తెలియును (తెలియకపోవచ్చును కూడ); టక్కు టక్కు మనిన = అటువంటి చప్పుడు లోపలినుండి వచ్చినచో; డిస్కును = ఆ హార్డ్‌డిస్కును; డాయకు = సమీపింపకుము, అనగా దానికి మరల కరెంటు ఈయకుము; నకలు లేని = రెండవ ప్రతి లేనట్టి; బతుకు = జీవితము, విశేషించి డీటీపీ జీవితము; నవ్వుపాలు = నలుగురిలో పలచన యగును.

తాత్పర్యం

లాప్‌టాప్ ఆన్ కానంతమాత్రాన అందులోని ఫైళ్లు పోయినట్టు కాదు. తెర, ర్యామ్, బ్యాటరీ, మదర్‌బోర్డు, విండోస్, వీటిలో ఏది చెడినా యంత్రం మూగబోతుంది. ఫైళ్లుండే డిస్కు మాత్రం చాలాసార్లు నిక్షేపంలా ఉంటుంది. అంచేత యంత్రాన్ని బాగుచేయడం ఒక పని, సరుకు బయటికి తీయడం వేరే పని. ఆ రెంటినీ ఒకటే అనుకున్నవాడు "ఫార్మాట్ కొట్టేద్దామా?" అన్న మాటకు తలాడించేస్తాడు. లాప్‌టాప్ బతుకుతుంది, పెళ్లికార్డులు చస్తాయి. (దేహం వేరు, ఆత్మ వేరు అంటూ ఇక్కడ గీతోపదేశానికి దిగబోయేవారికి ఒక నమస్కారం. ఆత్మకు బిట్‌లాకర్ తాళం ఉండదు.)

విశేషాలు

మీట: చార్జరూ బ్యాటరీ తీసేశాక బటన్ నొక్కడమేమిటని అడిగేవాళ్లున్నారు. బోర్డు మీది కెపాసిటర్లలో కాస్త చార్జి మిగిలి ఉంటుంది. అది దిగిపోతే, మొండికేసిన కంట్రోలరు చిప్పు మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది. ఖర్చులేని వైద్యం కాబట్టి కవి దీన్ని మొదట చెప్పాడు. ఔచిత్యం.

మినుకు: తెర మీది వెలుగని పూర్వవ్యాఖ్యాతలు. అది చాలదు. తెర నల్లగా ఉన్నా, క్యాప్స్‌లాక్ నొక్కినప్పుడు దాని బుల్లి లైటు వెలిగి ఆరుతుంటే లోపల మనిషి ఉన్నట్టే. తెరకు ఏటవాలుగా టార్చి వేసి చూస్తే ఐకాన్లు మసగ్గా కనబడతాయనుకోండి, పోయింది వెనకలైటు మాత్రమే. హెచ్‌డీఎంఐ తీగతో ఇంట్లో టీవీకి తగిలించి, పెన్‌డ్రైవ్ గుచ్చి, ఫైళ్లన్నీ కాపీ చేసుకోవచ్చు. రిపేరువాడి దాకా పోనక్కర్లేదు. విండోస్ మాత్రమే చెడిన యంత్రానికైతే ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో స్టార్ట్ చేసి ఫైళ్లు లాగేయవచ్చు. పెద్దాయన యంత్రానికి ఇవేవీ పనికిరాలేదు. క్యాప్స్‌లాక్ వెలగలేదు.

గుండె: ఇక్కడ పెద్ద వివాదం. గుండె అంటే డిస్కేననీ, దాని మూత విప్పి చూడాలనీ స్క్రూడ్రైవరు చేతబట్టినవారొక వర్గం. వీరి వ్యాఖ్యవల్ల పోయిన డేటా ఇంతా అంతా కాదు. లాప్‌టాప్ హార్డ్‌డిస్కులో పళ్లెం సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. దాన్ని చదివే హెడ్డు పళ్లానికి తగలకుండా కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతుంది. మన తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. ఆ సందులోకి గాంధీచౌక్ దుమ్ము ఒక్క రేణువు వెళ్లిందంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? డిస్కు మూత తీయడం దుమ్ము లేకుండా గాలిని వడగట్టిన గదుల్లో జరగాల్సిన శస్త్రచికిత్స. కాబట్టి గుండె అంటే అడుగురేకు లోపలి ర్యామ్ అని మా సిద్ధాంతం.

కుర్రాడి ప్రయోగమే ఇందుకు ప్రమాణం. లాప్‌టాప్ బోర్లించి, స్క్రూలు ఒక్కొక్కటే తీసి, తెల్లకాగితం మీద అవి ఏ మూలవో ఆ మూలనే పేర్చాడు. ర్యామ్ బద్దను రెండు పక్కలా క్లిప్పులు తప్పించి పైకి లేపాడు. దాని బంగారుపూత పళ్లను స్కూలు పిల్లలు వాడే రబ్బరుతో ఒకవైపుగా రుద్దాడు. రబ్బరు అంచుకు నల్లటి మరక అంటింది. కోస్తా గాలి తేమకు ఆ పళ్ల మీద పొర కడుతుంది, ఆ పొరతోనే సగం లాప్‌టాప్‌లు చచ్చినట్టు నటిస్తాయి. బ్రష్షుతో పొడి దులిపి, బద్దను ‘టిక్’మనేలా కూర్చోబెట్టి మీట నొక్కాడు. ఊహూఁ.

"బోర్డు పోయింది బాబాయ్. మంచిదేలెండి."

"మంచిదేంట్రా!"

"డిస్కు పోలేదుగా."

ఈ సంభాషణలోనే పద్యం ధ్వని అంతా ఉంది. తర్వాత డిస్కును ఊడదీసి కేసింగులో పెట్టి దుకాణం కంప్యూటరుకు తగిలించాడు. అది డిస్కును గుర్తుపట్టింది, తలుపు మాత్రం తీయలేదు. 48 అంకెల బిట్‌లాకర్ కీ అడిగింది.

ఈ సంగతి పద్యంలో ఎక్కడా లేదు. కవిది న్యూనతాదోషమే. కొత్త విండోస్ యంత్రాలు చాలావరకు, మనం అడగకపోయినా, డిస్కుకు తాళం వేసి తాళంచెవిని మైక్రోసాఫ్ట్ అకౌంట్లో దాస్తాయి. ఆ అకౌంటు ఎవరిదన్నదే ప్రశ్న. తెనాలిలో దీనికి జవాబు ఎక్కువగా డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటుంది. పెద్దాయన ఫోన్ చేసినప్పుడు ఇక్కడ పొద్దున తొమ్మిదిన్నర, అక్కడ డాలస్‌లో రాత్రి పదకొండు. "నాన్నా, కొనిచ్చినప్పుడు నా మెయిల్‌తోనే సెటప్ చేశాను" అని కొడుకు ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు చదివాడు. పెద్దాయన పక్కనున్న పాత పెళ్లికార్డు వెనక రాసుకున్నాడు. తాళం వీడింది.

టక్కు టక్కు: ధ్వన్యనుకరణం. హెడ్డు తన చోటు దొరక్క వెనక్కీ ముందుకీ కొట్టుకుంటున్న చప్పుడిది. ఆ స్థితిలో మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటం పళ్లెం మీద గీతలు పెట్టడమే. ‘డాయకు’ అన్న క్రియ బలం ఇక్కడ తెలుస్తుంది. డిస్కును ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందని ఒక ప్రక్షిప్త పద్యం ప్రచారంలో ఉంది. బయటికి తీసిన మరుక్షణం తెనాలి ఉక్కకు దాని ఒంటినిండా నీళ్లు పడతాయి. అందుకే ఆ పద్యాన్ని గ్రంథంలో చేర్చలేదు. చప్పుడు లేకుండా నత్తనడక నడిచే డిస్కయితే, ఫైళ్లు ఏరుకోవడానికి ముందు డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో మొత్తానికీ నకలు దింపుకోవాలి. అది తేలిగ్గా చదవగలిగిన భాగాలను ముందు లాగేసి, మొరాయించిన చోట్లను గుర్తుపెట్టుకుని చివర్లో మళ్లీ వస్తుంది. ఇక ఎస్సెస్‌డీలో తిరిగే భాగమే లేదు, టక్కుమనే ప్రసక్తి లేదు. మాటామంతీ లేకుండా పోతుంది. అంచేత ఈ పాదానికి అవ్యాప్తి దోషం పట్టింది.

ఫార్మాట్ కొట్టేశాక పరుగెత్తుకొచ్చేవారి గతేమిటి? హార్డ్‌డిస్కు మీద పైపై ఫార్మాట్ విషయసూచికను మాత్రమే చించుతుంది, పుటలు అక్కడే ఉంటాయి. ఎస్సెస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు ఆ పుటలనూ ఊడ్చేస్తుంది, ఆశ తక్కువ. హార్డ్‌డిస్కుకైతే ఫోటోరెక్ ఉంది, ఉచితం. అది ఫైలు పేరు చూడదు, మొదలు చూస్తుంది. జేపెగ్ ఫోటో ఏదైనా ఎఫ్‌ఎఫ్, డి8, ఎఫ్‌ఎఫ్ అన్న మూడు బైట్లతో మొదలుకావాల్సిందే. మన కావ్యానికి శ్రీకారమెట్లాగో దానికిది అట్లాగ. ఆ శ్రీకారం కనబడ్డ ప్రతిచోటా ఒక ఫోటోను పైకి లాగుతుంది. లాగినవాటిని అదే డిస్కులో దాచకూడదు, పాత పుటల మీదే కొత్తరాత పడుతుంది. ఇంతా చేస్తే వధువు దొరుకుతుంది గాని వధువు పేరు దొరకదు. ఫైలు పేరు స్థానంలో ఒక ఎఫ్, దాని వెనక వట్టి అంకెలుంటాయి.

మన ఊరి పేరు ఇంటిపేరుగా మోసిన రామకృష్ణకవికి జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. ఆయన కందర్పకేతు విలాసం, హరిలీలా విలాసం పేర్లు మిగిలాయి, కావ్యాలు పోయాయి. పెదపాటి జగ్గన తన ప్రబంధ రత్నాకరంలోకి కొన్ని పద్యాలు ఎత్తి రాసుకోబట్టి ఆ ముక్కలైనా దక్కాయి. ‘నకలు’ అన్న పదానికి ఇంతకన్న ఉదాహరణ తెనాలివాళ్లకు అక్కర్లేదు.

మళ్లీ దుకాణానికి. మాస్టారి ఖండకావ్యం తెరిచారు. తెర మీద ఒక్క తెలుగక్షరం లేదు. ఇంగ్లీషు ముక్కలు, ఆశ్చర్యార్థకాలు, నెత్తిన చుక్కల గుర్తులు. కుర్రాడి మొహం పాలిపోయింది. "కరప్ట్ అయింది బాబాయ్" అన్నాడు. పెద్దాయన ఆ పొద్దున మొదటిసారి నవ్వాడు. "కరప్టూ లేదు, నీ బొందా లేదు. అను ఫాంట్లు వెయ్యరా అబ్బాయ్." యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా డీటీపీవాళ్లు పుటలు కూర్చే పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, 2001లో వచ్చిన ఏడో వెర్షనే దానికి ఆఖరు. డీటీపీ గదుల్లో మన అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల గుర్తులను అద్దెకు తీసుకుని బతుకుతున్నాయి. ఫాంటు లేని కంప్యూటరులో అద్దెకొంపలే కనబడతాయి. ఫాంట్లు ఎక్కించాక పద్యాలు యథాస్థానంలో నిలబడ్డాయి, మాస్టారి అచ్చుతప్పులతో సహా.

ఛందోలంకారాలు: ఆటవెలది. మూడో పాదంలో ట–డ వర్గయతి, ‘డాయకు’ అన్న పాతమాట అందుకోసమే తెచ్చాడని కిట్టనివాళ్లంటారు. నాలుగో పాదంలో సామాన్యంతో విశేషాన్ని సమర్థించాడు కాబట్టి అర్థాంతరన్యాసం. రసం కరుణం, బిల్లు వచ్చేదాకా.

పాఠాంతరం: నాలుగో పాదానికి ‘నగదు లేని బతుకు నవ్వుపాలు’ అని మరో పాఠం ఉంది. గణాలూ యతీ రెండింటికీ సరిపోతున్నాయి గనుక ఛందస్సు తీర్పు చెప్పలేదు. ఖాతాదారుల ప్రతులన్నిటా ‘నకలు’ అనే ఉంది. దుకాణం అద్దం కింది కాగితంలో ‘నగదు’ అని ఉందట. పైసా పుచ్చుకోకుండా డేటా తీసిచ్చిన దుకాణం ప్రతి ఏదైనా దొరికితే గాని ఈ వివాదం తేలదు. వెతుకుతున్నాం.